మాట్లాడే పెట్టెకు జోడు

మొన్న పాత సామాన్ల బండి మా గల్లీలోకి వచ్చినప్పుడు మా కోడలు శ్రావణి సజ్జ మీది గోనెసంచి దించి, మూతి కూడా విప్పకుండా బండివాడి ముందు పెట్టింది. ఆమెను అనడానికేమీ లేదు. టీవీ కింద పొడుగాటి నల్ల స్పీకరు ఒకటి వచ్చి కూర్చున్నాక ఆ సంచిలోని వాటితో ఇంట్లో ఎవరికీ పని లేదు. నేను గడప మీద కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. బండివాడు ఒక్కొక్కటే బయటికి తీసి తరాజులో వేస్తున్నాడు. చిక్కుపడిన వైర్లు, ఒక చెక్కపెట్టె, చిన్న చిన్న కంప్యూటర్ స్పీకర్లు. అవన్నీ ఒకప్పుడు తెల్లనివే. ఇప్పుడు తంబాకు నమిలిన పళ్ల రంగుకు తిరిగాయి. వాటిలో ఒకదానికి మాత్రం బట్ట తొడిగి ఉంది. చిలకపచ్చ మీద ఎర్రంచు. ఆ చీర ఎవరిదో నాకు తెలుసు, ఆ గలీబు కుట్టింది నేనే కాబట్టి. ఆగమన్నాను. గలీబు ఊడదీసి స్పీకరును వెనక్కి తిప్పి చూశాను. గోళ్లరంగుతో రాసిన 'మాట' అనే రెండక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. 'ట' కాస్త పక్కకు ఒరిగి ఉంది. నా చేతిరాత అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఆ తర్వాత నేను చాలా రాశాను. ఇప్పుడు ఇది కూడా రాస్తున్నాను. కానీ ఆ రెండక్షరాలంత పనికొచ్చిన రాత ఇంకొకటి రాయలేదు.

నేను బడికి పోయినదాన్ని కాదు, ముందే చెప్తున్నాను. మేడ్చల్ దిక్కు ద్రాక్షతోటలు నిండుగా ఉన్న కాలంలో మా అమ్మ వెంట తోటకు పోవడమే నా బడి. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన రోజు చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి, అన్నం ముద్దకు కూడా ఆ మందు వాసనే. గుత్తులు పండి రాలే రోజుల్లో తోటంతా పులిసిన బెల్లంలా కంపు కొట్టేది, తేనెటీగలు ముఖం మీద వాలేవి. అక్కడ నాకు బాగా వచ్చిన పని తీగ కట్టడం. లేత తీగను పందిరి తీగకు కట్టేటప్పుడు బిగించి కడితే మేస్త్రి తిట్టేవాడు. అది రేపు లావెక్కుతుంది, దానికి జాగా వదలాలి, అట్లాగని జారిపోకూడదు. అటు ఇటు కాకుండా కట్టడం చేతికి రావాలి. నాకు వచ్చింది. తర్వాత తోటలు పోయి ప్లాట్లకు రాళ్లు పాతారు. నాకు పెళ్లై, పిల్లలు బడికి పోతున్న రోజుల్లో పంచాయతీ ఆఫీసు వరండాలో ఆడవాళ్లకు మధ్యాహ్నం పూట చదువు చెప్పడం మొదలుపెట్టారు. నా పిల్లల వెనక నేను అక్షరాలు దిద్దాను. సిగ్గేమీ పడలేదు. సిగ్గుపడేంత తీరిక కూడా లేదు.

మా అత్తగారిల్లు తూంకుంట పాత ఊళ్లో, రేకుల ఇల్లు. ముందర ఒక పెద్ద గది, వెనక వంట చేసుకునే సాయబాను, వాకిట్లో నల్లా. ఆ ఇంటిని నిలబెట్టింది మా అత్తమ్మ. మామ పోయేనాటికి మా ఆయన చేతుల్లో పిల్లవాడట. ఆమె కంకర మిషన్ దగ్గర పనికి పోయింది. రాయి పగిలి, జల్లెడ మీద పడి, తట్టలోకి ఎత్తేదాకా ఆ మిషన్ పక్కనే నిలబడాలి. మనిషి నోరు ఆడటం కనిపించాలే తప్ప మాట వినపడని చోటు అది. అక్కడ ఆమె కొడుకును పెంచింది, చెవులు పోగొట్టుకుంది. ఒక్కసారిగా పోలేదు. బావిలో నీళ్లు ఇంకినట్టు మెల్లగా ఇంకిపోయాయి. నేను కాపురానికి వచ్చేసరికి కాస్త గట్టిగా మాట్లాడితే చాలు. పిల్లలు ఎదిగేసరికి అరవాల్సి వచ్చింది.

ఆమెకొక విద్య ఉండేది. ఎవరైనా అబద్ధమాడితే ఇట్టే పట్టేసేది. ముఖం చూసి కాదు, గొంతు విని. ఎట్లా తెలుస్తుందని నేను అడిగితే, అబద్ధం చెప్పేముందు మనిషి కొంచెం ఎక్కువ ఊపిరి పీల్చుకుంటాడని చెప్పింది. బరువు ఎత్తేముందు పీల్చుకోమా, అట్లా. మిషన్ ఆగిన కాస్సేపట్లో మేస్త్రి చెప్పే మాటల్లో ఏది నమ్మాలో, ఏది వద్దో చూసుకొని చూసుకొని అలవాటైందట. గల్లీలో పంచాయితీ వస్తే ఆమెను ఒక పక్కన కూర్చోబెట్టేవాళ్లు. టీవీ వచ్చాక ఆ విద్యంతా సీరియళ్ల మీద పడింది. సాయంత్రం కాళ్లు కడుక్కొని, తెల్లచీర కొంగు సర్దుకొని, సాసరులో చాయ్ పోసుకొని కూర్చునేది. ఇంటికి కొత్త మనిషి రాగానే ఆమె "గీడు దొంగ" అంటే వాడు దొంగే. కథ రాసినవాడికి తెలియకముందే మా అత్తమ్మకు తెలిసేదని గల్లీలో నవ్వుకునేవాళ్లు. ఆ మాట వినడానికే పక్కింటి రజియా పిల్లను చంకనేసుకొని వచ్చి గోడకు ఆనుకొని కూర్చునేది.

చెవులు ఇంకిపోతున్నకొద్దీ టీవీ శబ్దం పెరిగింది. గాలి జవహర్‌నగర్ చెత్తకుప్పల దిక్కు నుంచి తిరిగిన రోజు కిటికీలు మూసుకునేవాళ్లం కాబట్టి ఆ రోజు గల్లీకి కాస్త నయం. మిగతా రోజుల్లో మా సీరియల్ గల్లీ మొదటిదాకా వినపడేది. ఆ సంవత్సరం రజియా పెద్దబిడ్డ పదో తరగతి. ఒకరోజు రజియా వచ్చి తలుపు పట్టుకొని నిలబడింది. లోపలికి రాలేదు.

"అక్కా, బురా అనుకోకు. మీ టీవీల అత్త కోడల్ని ఏమన్నదో మా పిల్లకు మొత్తం నోటికొచ్చింది. లెక్కలే ఒస్తలేవు."

నవ్వుతూనే అంది, కానీ నవ్వు కాదది. ఆ రోజు నుంచి శబ్దం తగ్గించాం. తగ్గించిన రోజు నుంచి అత్తమ్మ తెర వైపు చూస్తూ కూర్చునేది, అంతే. పెదవులు కదలడం చూసి కొంత ఊహించుకునేది. "ఏమన్నడు?" అని అడిగేది. మేం చెప్పేలోపు ఇంకో మాట దాటిపోయేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది. దొంగ ఎవరో, దొర ఎవరో చెప్పడమూ మానేసింది. ఇంట్లో ఒక మనిషి నోరు మూతపడితే ఆ ఇంటి చప్పుడే మారిపోతుంది. పప్పులో తాలింపు లేనట్టు.

మా ఆయన అప్పట్లో ట్రాలీ ఆటో నడిపేవాడు. సుచిత్ర దిక్కు అపార్ట్‌మెంట్ల నుంచి మా దగ్గర కొత్తగా పడుతున్న కాలనీలకు ఇళ్లు మారేవాళ్ల సామాను మోసేవాడు. ఇల్లు మారేటప్పుడు మనుషులకు ఎక్కడ లేని వైరాగ్యం వస్తుంది. పాత ఇంటి గుమ్మం దాటాక, ఇది వద్దులే, నువ్వే తీసుకుపో అంటారు. అప్పుడే లావుపాటి కంప్యూటర్లు పోయి పలచటివి వస్తున్నాయి. లావుపాటి వాటితో పాటు స్పీకర్లు కూడా బయట పడేవి. అవి ఆయన ట్రాలీలో ఇంటికి వచ్చేవి. వాటి తీరు ఆయనకు ముందే తెలిసిపోయింది. జతలో ఒకదాంట్లో మిషన్ ఉంటుంది, దానికి కరెంటు కావాలి. రెండోది దానికి వైరుతో కట్టిన జోడు, ముందుది పాడితే ఇదీ పాడుతుంది. అట్లాంటి జతలు ఇంట్లో పోగయ్యాయి. అందులో ఒక జత చెక్కపెట్టెతో వచ్చింది, దడదడమనే చప్పుడు దానిది. ఎవరో ఇచ్చేసిన డీవీడీ ప్లేయర్ వెనక వరసగా రంధ్రాలున్నాయి. ఒక్కో రంధ్రానికి ఒక్కో స్పీకరు తగిలించుకోవచ్చని, దాన్ని హోమ్ థియేటర్ అంటారని ఆయనకు చెప్పింది మూర్తి గారు.

మూర్తి గారిది కోస్తా దిక్కు. ఉద్యోగం మీద వచ్చి, నేను తీగలు కట్టిన తోట జాగాలోనే ఇల్లు కట్టుకున్నారు. మా ఆయనే వాళ్ల సామాను మోశాడు. మంచి మనిషి. ఒక ఆదివారం స్కూటర్ మీద మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, సుద్దముక్కతో మా నేల మీదనే గది బొమ్మ గీశారు. ముందు రెండు, టీవీ కింద మధ్యలో ఒకటి, మనం కూర్చునే చోటికి వెనక రెండు. "వెనకవి చెవుల కాస్త పైకి పెట్టుకోండమ్మా. సినిమా మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది" అన్నారు. మా ఆయన పట్టుకున్నది వెనకవాటినే. స్పీకరు అమ్మ చెవి పక్కనే ఉంటే గల్లీకి చప్పుడు పోకుండా ఆమెకు వినపడుతుంది కదా. ఇదంతా ఆయన షోకు కోసం చేశాడని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. కాదు. వాళ్లమ్మ నోరు మళ్లీ తెరిపించడానికి చేశాడు.

వైర్లు లాగే పని నాది. ఆయన పళ్లతో వైరు ఒలిచి, మెలేసి, ఇన్సులేషన్ టేపు చుట్టేవాడు. నేను స్టూలెక్కి రేకుల కింది పైపులకు సుతిలి తాడుతో కట్టుకుంటూ పోయేదాన్ని. బిగించకుండా, జారకుండా. గది మధ్యలో నిలబడి పైకి చూస్తే ద్రాక్ష పందిరి లాగానే ఉండేది. చాలా ఏళ్ల తర్వాత నా చేతికి దాని పని దొరికినట్టయింది. ఏ వైరు ఎటు పోతుందో మర్చిపోకుండా మా చిన్నది దాచుకున్న గోళ్లరంగుతో వాటి మీద రాశాను. 'ముందు', 'వెనక', 'మధ్య'. పలక మీద రాసిన అక్షరాలు తుడిచేస్తే పోతాయి. ఇవి పోవు. రాసి, ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాను.

మొదటి ఆదివారం సాయంత్రం గల్లీ సగం మా గదిలోనే ఉంది. గుర్రాలు, గాలివాన ఉన్న సినిమా ఒకటి తెచ్చాడు మా ఆయన, శబ్దం బాగుంటుందని. అత్తమ్మను మధ్య కుర్చీలో కూర్చోబెట్టాం. వెనక స్పీకర్లు ఆమె చెవుల దగ్గరికే వచ్చేట్టు కట్టాను. సినిమా మొదలైంది. ఆమె ముఖంలో ఏమీ లేదు. కాసేపటికి సినిమాలో ఉరిమింది. వాన మొదలైంది. వెనక నుంచి, ఆమె రెండు చెవుల్లోకీ. రేకుల ఇంట్లో బతికినవాళ్లకు వాన అంటే తల మీద చప్పుడు. ఎన్నో రోజుల తర్వాత ఆమెకు అంత స్పష్టంగా వినపడిన చప్పుడు అదే. ఆమె ఒక్క ఉదుటున లేచింది.

"వానొచ్చె. మిరపకాయలు నానుతయి" అంటూ మనుషులను దాటుకుంటూ వాకిట్లోకి పోయింది. వాకిట్లో కారానికని ఆరబోసిన మిరపకాయలున్నాయి. బయట పొడి ఎండ, పొద్దు ఇంకా దిగలేదు. ఆమె కొంగు నడుముకు దోపుకొని రెండు చేతులా కాయలు చాటలోకి తోస్తోంది. గదిలో ఎవరో ఫక్కుమన్నారు. తర్వాత అందరూ. ఎవరో ఒకడు "ముసలమ్మా, గొడుగు తెమ్మంటవా" అని అరిచాడు. అది కూడా ఆమెకు వినపడలేదు. నవ్వే ముఖాలు మాత్రం కనపడ్డాయి. తల ఎత్తి ఆకాశం చూసింది. చాట కింద పెట్టింది.

మళ్లీ గదిలోకి రాలేదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు వెనక సాయబానులో పొయ్యి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. చాయ్ అక్కడే, అన్నం అక్కడే. మా ఆయన పోయి బతిమాలాడు.

"చెవుల్లేనోళ్లకు సభ ఎందుకు బిడ్డా" అంది. "నాకు కంకర మిషన్ కాడ కూసున్నట్టే ఉన్నది. గడబిడ వస్తది, మాట రాదు."

ఆయన ముఖం మాడిపోయింది. స్పీకర్లన్నీ పీకి అవతల పారేస్తానన్నాడు. నేను ఆపాను. ఆమె అన్న మాట నా మనసులో పడి తిరుగుతోంది. గడబిడ వస్తుంది, మాట రాదు. కోపంలో అన్నదని ఆయన అనుకున్నాడు. మా అత్తమ్మ కోపంలో కూడా లెక్క తప్పి మాట్లాడదు.

మరునాడు మధ్యాహ్నం ఆయన బండి మీద పోయాక నేను చెవుల్లో దూది కుక్కుకున్నాను. దాని మీద తువ్వాలు చుట్టుకున్నాను. అదే సినిమా పెట్టి ఆమె కుర్చీలో కూర్చున్నాను. వాన వచ్చింది. గుర్రాలు నా వెనక నుంచి పరుగెత్తాయి. డప్పులు మోగాయి. తెర మీద ఒక మొగుడూ పెళ్లామూ నిలబడి నోళ్లు కదుపుతున్నారు. ఒక్క ముక్క వినపడలేదు. సినిమా ఎంతదూరం పోయినా అంతే. అప్పుడు లేచి, దూది తీసేసి, వేడి పెనం మీద చెయ్యి పెట్టి చూసినట్టు ఒక్కో స్పీకరు మీద చెయ్యి పెట్టి చూశాను, చెవి ఆనించి విన్నాను. ముందు రెండింట్లో పాట ఉంది. వెనక రెండింట్లో గాలి, వాన. పెద్ద చెక్కపెట్టెలో దడదడ. మాట్లాడుతున్నది ఒకటే. టీవీ కింద మధ్యలో పెట్టినది. మొత్తం సినిమాలోని మనుషులందరూ ఆ అరచేతంత పెట్టెలో ఉన్నారు. మేం ఆమె చెవి పక్కన గాలిని, వానను కట్టి, మనుషులను అంత దూరంలో పెట్టాం.

ఆ మధ్య పెట్టెకు జోడు ఏమైందని చూశాను. మధ్యకు ఒకటే చాలు కాబట్టి దాని జోడును మా ఆయన సజ్జ మీద పడేశాడు. జత విడిపోయి, ఎవరికీ పనికి రాక, దుమ్ము పట్టి పడి ఉంది. నేను దాన్ని దించి కొంగుతో తుడిచాను.

సాయంత్రం నేనే మూర్తి గారింటికి నడిచి పోయాను. చెప్పిందంతా విని ఆయన తల పట్టుకున్నారు. "అయ్యో, అసలు సంగతి నాకు చెప్పలేదే మీ ఆయన. వెనకవాటిలో మాటలు రావమ్మా, మాటలన్నీ మధ్య దాంట్లోనే" అన్నారు. మధ్య పెట్టె మాటను దాని జోడుకు కూడా పంచే పిన్ను ఒకటుందని, అది తన డబ్బాలో ఎక్కడో ఉండాలని వెతికారు. వెతుకుతూనే ఒక సందేహం చెప్పారు. పక్క నుంచి మాట వస్తే మనుషులు తెర మీద, మాట ఇంకోచోట అయిపోతుంది, అది పద్ధతి కాదు అన్నారు.

"మాకు మాట కావాలె సార్. ఏ దిక్కు నుంచి వచ్చినా మంచిదే" అన్నాను. ఆయన పెద్దగా నవ్వి, పిన్ను నా చేతిలో పెట్టారు. ఆ పిన్ను ఇంకో లాభం కూడా చేస్తుందని, సీరియల్ టైములో మధ్య పెట్టె వైరును డీవీడీ నుంచి పీకి టీవీ వెనక గుచ్చితే సీరియల్ మాట కూడా అందులోనే వస్తుందని కాగితం లేకుండా, పప్పు వండటం చెప్పినట్టు చెప్పారు. నేను ఇంటికి వచ్చి ఆ వైరు మీద, జోడు వెనక, 'మాట' అని రాశాను. ఆమె కుర్చీ వెనక కట్టిన గాలివాన పెట్టెల్లో ఒకదాన్ని విప్పి, ఆ చోట జోడును కట్టాను.

ఇక మిగిలింది అత్తమ్మను తెచ్చి కూర్చోబెట్టడం. పొయ్యి దగ్గరికి పోయి, ఈసారి మాటలే వస్తాయి రమ్మన్నాను, చేతులు ఆడించి చెప్పాను. చాలాసేపటికి లేచింది. కుర్చీ దగ్గరికి వచ్చి, వెనక కట్టిన జోడును చూసి ఆగిపోయింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది.

"మాట్లాడెటోళ్లకు వీపు పెట్టి ఎట్ల కూసుంటరే పిల్లా? మనిషన్నంక ఎదురుంగనో పక్కకో కూసుంటడు. నా ఎన్క నిలవడి మొగోళ్లు మాట్లాడుతుంటె నేను కొంగు కప్పుకోవాల్నా, తెర సూడాల్నా?"

ఆమె అన్నది నిజమే. మాలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే వీపు తిప్పం. వెనక నుంచి మగగొంతు వినపడితే ఆ కాలపు ఆడవాళ్ల చెయ్యి దానంతట అదే కొంగు మీదికి పోతుంది. సుద్దముక్కతో గీసిన బొమ్మలో ఇది లేదు. ఎట్లా ఉంటుంది? నేను పైన కట్టిన సుతిలి విప్పి, ఆమె కుర్చీకి కుడిపక్కన ఎత్తుపీట వేసి, దాని మీద జోడును పెట్టాను, సరిగ్గా చెవి ఎత్తులో. ఒట్టి ప్లాస్టిక్ పక్కన ఏం బాగుంటుందని మామ ఉన్ననాడు ఆమె కట్టిన పాత చీర ముక్కతో అప్పటికప్పుడు గలీబు కుట్టి తొడిగాను, ముందు జాలీ మాత్రం వదిలి. చూస్తే చీర కట్టుకున్న చుట్టం ఎవరో వచ్చి ఆమె పక్కన కూర్చున్నట్టే ఉంది. అత్తమ్మ దాన్ని ఎగాదిగా చూసి, కాళ్లు కడుక్కొని వచ్చి కూర్చుంది.

ఆ పూట గల్లీలో ఎవరినీ పిలవలేదు. రజియా మాత్రం వచ్చింది, మా గది ఇంత నిశ్శబ్దంగా ఎందుకుందో చూద్దామని. గోడకు ఆనుకొని కూర్చుంది. శబ్దం తగ్గించే ఉంది. సీరియల్లో కొత్తగా వచ్చిన అల్లుడు ఆలస్యంగా ఇంటికొచ్చి, దవాఖానలో పడి ఉన్న తండ్రిని చూసి వస్తున్నానని కళ్లనీళ్లతో చెబుతున్నాడు. వాడి పెళ్లాం కూడా ఏడుస్తోంది. రజియా కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. మా అత్తమ్మ ముందుకు వంగింది. తెర వైపు కాదు, పక్కనున్న జోడు వైపు. కళ్లు మూసుకుంది. సాసరు చేతిలో అట్లాగే ఉంది.

"గీడు దవఖాన మొఖమే సూడలే" అంది.

మా ఆయన నా ముఖం చూశాడు. నేను ఆయన ముఖం చూడలేదు, చూస్తే ఇద్దరం ఏడుస్తాం. రజియా మాత్రం "అట్లంటవేంది అవ్వా, ఆడు ఏడుస్తుండు గద" అంది. అత్తమ్మ చాయ్ జుర్రి, "ఏడుసుడు ఆన్కి వస్తది. చెప్పుడు రాలే" అంది. రెండో రోజు సీరియల్లో వాడు ఎక్కడికి పోయాడో తెలిసింది. దవాఖాన మాత్రం కాదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఇల్లు అట్లా నడిచింది. రోజూ సీరియల్ టైముకు 'మాట' వైరు పీకి టీవీ వెనక గుచ్చడం, ఆదివారం మళ్లీ డీవీడీకి గుచ్చడం నా పని. చదువు రాని రోజుల్లో అయితే ఆ వైర్ల గుంపులో ఏది ఏదో నాకు తెలిసేది కాదు. కాలనీల నుంచి పెద్ద దుకాణాల్లో కొన్న హోమ్ థియేటర్లు ఉన్నవాళ్లు కూడా వచ్చి చూసి పోయారు. వాళ్లవాటిలో గుర్రాలు ఇంకా బాగా పరుగెత్తేవేమో. కానీ ముసలామెకు మాట పక్కన కూర్చొని చెప్పే స్పీకరు ఏ దుకాణంలోనూ దొరకదు. అది మా ఇంట్లోనే ఉండేది, ఎవరో వద్దనుకున్న సామానుతో, మా చేతులతో చేసినది. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకుంటే అనుకోండి. చెప్పుకోవలసిందే కదా. రజియా బిడ్డ పది గట్టెక్కి, పై చదువులు చదివి, ఇప్పుడు మేడ్చల్‌లో టీచర్. మా అత్తమ్మ పోయేదాకా ఆ కుర్చీ వదలలేదు. చివరి రోజుల్లో మంచం పట్టినప్పుడు జోడును మంచం పక్కకు మార్చాం. వైరు చాలకపోతే మా ఆయన ఇంకొంత పొడిగించాడు.

ఇప్పుడు రేకులు పోయి స్లాబు పడింది. గదులు పెరిగాయి. ద్రాక్షతోటలంటే మా మనవలకు పండ్ల దుకాణమే. జవహర్‌నగర్ గాలి మాత్రం అప్పటిలాగే వస్తుంది, ఏసీ ఉన్నవాళ్లకు కిటికీలు మూసుకోవడం సులువైంది, అంతే. శబ్దాలు చాలా బాగుపడ్డాయి, కాదనను. టీవీ కింది ఆ నల్ల స్పీకరులో అన్నీ ఉన్నాయట, ముందూ వెనకా. కానీ ఇంట్లో ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవిలో వైరు వాళ్లది. ఒకడు నవ్వితే ఎందుకు నవ్వాడో పక్కవాడికి తెలియదు. అప్పుడు ఒక మనిషికి వినపడలేదని ఇల్లంతా వైర్లు కట్టాం. ఇప్పుడు ఎవరికి ఏది వినపడుతుందో, ఏది వినపడటం లేదో ఎవరూ అడగరు. అడగరు కాబట్టి నేనూ చెప్పలేదు. నా చెవులు కూడా కొన్నాళ్లుగా ఇంకుతున్నాయి. మిషన్ దగ్గర పనిచేయకపోయినా వయసు ఆ పని చేస్తుంది. శ్రావణి పిలిస్తే పలకనప్పుడు నాకు కోపం వచ్చిందని ఆమె అనుకుంటోంది. టీవీ ముందు కూర్చుంటాను, నోళ్లు ఆడటం చూస్తాను, అందరూ నవ్వినప్పుడు నవ్వుతాను. మొన్న బండివాడి తరాజులో ఆ చిలకపచ్చ గలీబు చూసేదాకా నేను కూడా పొయ్యి దగ్గరికి పోతున్నానని నాకే తెలియలేదు.

బండివాడికి మిగతావన్నీ ఇచ్చేశాను. జతను మాత్రం ఉంచుకున్నాను, మాట్లాడే పెట్టెను, దాని జోడును. ఒకటి లేకుండా రెండోది పలకదు. శ్రావణికి సంగతి చెప్పాను, నా చెవుల సంగతి కూడా. తర్వాత టీవీ వెనక టార్చి పట్టుకొని వెతికి, దానికి సరిపోయే చిన్న రంధ్రం ఆమే కనిపెట్టింది. మా ఆయన వచ్చి వైరు అందుకున్నాడు. పళ్లు లేవు కాబట్టి బ్లేడుతో ఒలిచాడు. నా కుర్చీకి కుడిపక్కన పీట వేశాం. గలీబు ఉతికి, ఆరాక మళ్లీ తొడిగాను. మొదట గరగరమంది. తర్వాత గొంతు తేటబడింది.

నిన్న సాయంత్రం ఏదో సీరియల్. ఒకడు తల్లి ముందు నిలబడి, ఇకమీద అట్లా చేయనని చెబుతున్నాడు. శ్రావణి చెవిలోంచి వైరు తీసేసి నా పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తమ్మా, వీడు నిజం చెప్తుండా?"

మా అత్తమ్మకైతే ఈపాటికి తెలిసిపోయేది. నేను జోడు వైపు వంగి కళ్లు మూసుకున్నాను. వాడి ఊపిరి కూడా వినపడుతోంది.

"ఆగు, ఇంకో మాట మాట్లాడనియ్యి" అన్నాను.